అడగండి చెబుతాను: కృష్ణకి మంచుకొండ లేదు

ఐక్యరాజ్యసమితి 2025ని హిమానీనదాల (గ్లేసియర్ల) పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించి, ఏటా మార్చి 21న వాటికో రోజు కూడా కేటాయించింది. ఆ పుణ్యమా అని గ్లేసియర్ల మీద ఉత్తరాలు నా బల్ల మీద కుప్పపడ్డాయి. రోళ్లు పగిలే ఈ రోహిణి ఎండల్లో బెజవాడలో కూర్చుని మంచు గురించి రాయడం నాకూ హాయిగానే ఉంది. జియాలజీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కదా, కాస్త సాగదీస్తే ఓర్చుకోండి.

హిమాలయాల్లో గ్లేసియర్లన్నీ కరిగిపోతున్నాయని టీవీలో చెబుతున్నారు. అవి పోతే మన కృష్ణకి నీళ్లెక్కడివి? 2024లో విజయవాడ మునిగింది కూడా ఆ నీళ్లకేనా?
— ఒక గృహిణి, అరండల్‌పేట, గుంటూరు

కాదమ్మా. కృష్ణకీ మంచుకీ చుట్టరికమే లేదు. కృష్ణ పుట్టేది మహాబలేశ్వర్ దగ్గర, పడమటి కనుమల్లో, సుమారు 1300 మీటర్ల ఎత్తున. అక్కడ ఏడాదికి 5 వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మన బెజవాడకి వెయ్యి అటూ ఇటూ. భీమ, తుంగభద్ర కూడా ఆ కనుమల వాన తాగి వచ్చేవే. గోదావరి సంగతీ అంతే.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.4 లక్షల క్యూసెక్కులు పోయాయి. అంతకు ముందు 2009 అక్టోబరు వరదే రికార్డు. రెండూ వాన తెచ్చినవే. సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు గండ్లు. మా బంధువుల ఇంట్లో కింది వాటా కిటికీల దాకా నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లలో హిమాలయాల చుక్క ఒక్కటి కూడా లేదు.

గంగ, సింధు, బ్రహ్మపుత్ర కథ వేరు. సింధు నది పై భాగంలో పారే నీటిలో సగానికి మించి మంచు, గ్లేసియర్లు కరిగి వచ్చేదే. గంగ ఎగువన మాత్రం వానదే పెద్ద వాటా. చాలామంది గంగంతా మంచు నీళ్లే అనుకుంటారు, అది తప్పు. కాకపోతే వానలు మొదలుకాని మే, జూన్ నెలల్లో అక్కడ నదిని బతికించేది ఆ మంచే. అసలు సంగతి ఇంకొకటుంది. గ్లేసియర్ తరిగిపోవడం మొదలైన తొలి రోజుల్లో నదిలో నీళ్లు పెరుగుతాయి. అందరూ సంబరపడతారు. కొన్ని దశాబ్దాలకి ఆ పెరుగుదల పతాక స్థాయికి చేరి, అక్కణ్నించి దిగడం మొదలవుతుంది. మీ ఇంట్లో రాత్రిళ్లు చపాతీ చేసుకునే పిండి పంజాబ్ గోధుమదైతే, దాని వెనక భాక్రా డ్యాము, సట్లెజ్ నది, ఎగువన కరిగే మంచు ఉన్నాయి. గుంటూరుకి ఆ లెక్క కొట్టు బిల్లులో వస్తుంది, కుళాయిలో కాదు.

మేడమ్, మంచుగడ్డ గట్టిగా ఉంటుంది కదా. అది నదిలా ఎలా పారుతుంది?
— ఇంటర్ ఎంపీసీ విద్యార్థి, పటమట

మంచి ప్రశ్న అడిగావు నాయనా. ఒక చలికాలం పడిన మంచు వచ్చే వేసవికి పూర్తిగా కరగదు. దాని మీద మళ్లీ పడుతుంది. కొత్తగా పడిన మంచులో అధికభాగం గాలే. పై బరువుకి అడుగు పొరలు నలిగి, గాలి బయటికి పోయి, రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని చివరికి గట్టి ఐసు అవుతుంది. మిగిలిన కొద్దిపాటి గాలి చిన్న బుడగలుగా లోపలే చిక్కుకుపోతుంది. దీనికో ఉపయోగం ఉంది. అంటార్కిటికాలో డోమ్ సి అనే చోట తవ్వి తీసిన ఐసు కడ్డీల్లోని బుడగల వల్ల 8 లక్షల ఏళ్ల గాలి మన చేతికొచ్చింది. అంత కాలంలోనూ కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 300 దాటలేదు. ఇప్పుడు 420 దాటింది.

ఇక పారడం. కొన్ని పదుల మీటర్ల మందం దాటాక ఐసు తన బరువుకి తానే మెల్లగా సాగుతుంది. లోపలి స్ఫటికాల్లోని పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. చాలాచోట్ల అడుగున పల్చటి నీటి పొర ఉంటుంది కాబట్టి మొత్తం గడ్డ రాతి మీద జారుతుంది కూడా. పైన ఉన్న 50 మీటర్లు మాత్రం పెళుసు. అది సాగలేక పగులుతుంది. పర్వతారోహకుల ప్రాణాలు తీసే పగుళ్లు ఇవే. 1827లో స్విట్జర్లాండ్‌లో హూగీ అనే ఆయన ఒక గ్లేసియర్ మీద గుడిసె కట్టుకున్నాడు. తర్వాత పదిపదిహేనేళ్లకి అగాసీ అనే శాస్త్రవేత్త వెళ్లి చూస్తే ఆ గుడిసె కిలోమీటరుకు పైగా కిందికి జరిగి ఉంది! మామూలు గ్లేసియరు రోజుకి కొన్ని సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా కదులుతుంది. గ్రీన్‌లాండ్‌లోని యాకబ్స్‌హావన్ అయితే 2012 వేసవిలో రోజుకి 40 మీటర్లు దాటింది.

తెల్లగా తళతళలాడుతూ ఉంటుందని ఊహించుకుంటున్నావేమో. గంగోత్రి యాత్రకి వెళ్లినప్పుడు నేను అక్కడి గ్లేసియరు కొస, గోముఖం దాకా నడిచాను. సుమారు 4 వేల మీటర్ల ఎత్తు, నాలుగడుగులకోసారి ఆగాల్సొచ్చింది. చూస్తే ఎదురుగా బూడిదరంగు గోడ. పైనంతా రాళ్లు, ఇసుక, మట్టి. విరిగిన చోట మాత్రం నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు. గాలి బుడగలు పోయి గట్టిపడిన ఐసు ఎరుపు కాంతిని మింగేస్తుంది, అందుకే ఆ నీలం. పొద్దెక్కే కొద్దీ ఐసు పట్టు వదులుతోంది, గోడ పైనుంచి గులకరాళ్లు టపటపా రాలుతున్నాయి. కింద గుహలోంచి దూకే నీళ్లు కుడితి రంగులో ఉన్నాయి. అది మురికి కాదు. గ్లేసియరు తన అడుగున ఇరుక్కున్న రాళ్లతో కొండను అరగదీస్తుంది, ఆ మెత్తటి రాతిపిండి నీళ్లలో తేలుతోంది.

పైన పరుచుకున్న ఆ రాళ్లూ మట్టీ తమాషా చేస్తాయి. పల్చగా ఉంటే ఎండని పీల్చి కరుగుడు పెంచుతాయి. మందంగా ఉంటే ఐసుకి ఎండ తగలనివ్వవు. పక్కపక్కనే ఉన్న రెండు గ్లేసియర్లు ఒకే తీరుగా తరగకపోవడానికి ఇదో కారణం. ఇంజనీరింగ్ సీటు రాకపోయినా బెంగపడకు, జియాలజీలో చేరు.

మా అబ్బాయి ఉద్యోగం సిక్కింలో. అక్కడ గ్లేసియర్ సరస్సులు తెగుతాయట. వానాకాలం వస్తే మాకు ఒకటే టెన్షన్. అసలు సరస్సు ఎలా తెగుతుంది?
— ఒక తల్లి, సత్తెనపల్లి

గ్లేసియరు వెనక్కి తగ్గేటప్పుడు, తాను తోసుకొచ్చిన రాళ్లూ మట్టీ ముందు కట్టలా వదిలేసి పోతుంది. ఆ కట్టకీ ఐసుకీ మధ్య నీళ్లు చేరతాయి. ఆ కట్టని ఏ ఇంజనీరూ కట్టలేదు. సిమెంటు లేదు, షట్టర్లు లేవు. లోపల గడ్డకట్టిన మట్టి కరిగితే వదులైపోతుంది.

2023 అక్టోబరు 3 రాత్రి సిక్కింలోని దక్షిణ లోనాక్ సరస్సులో జరిగింది అదే. పక్కనున్న మట్టి వాలు విరిగి నీళ్లలో పడింది. లేచిన అల కట్ట దాటి దాన్ని కోసేసింది. సుమారు 5 కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు దూకాయి. మన లెక్కలో ఒకటి ముప్పావు టీఎంసీలు. ప్రకాశం బ్యారేజీలో నిండుగా ఉంటే 3 టీఎంసీలు. అంటే అందులో సగానికి పైన నీళ్లు, రాళ్లతో సహా, ఇరుకు లోయలో ఒక్కసారిగా దిగాయి. చుంగ్‌తాంగ్ దగ్గర తీస్తా మీద కట్టిన 60 మీటర్ల డ్యాము కొట్టుకుపోయింది. 2013 జూన్‌లో కేదార్‌నాథ్‌ను ముంచిన చోరాబరీ సరస్సుదీ ఇలాంటి కథే. 2021 ఫిబ్రవరిలో చమోలీలో జరిగింది వేరు, అక్కడ సరస్సు లేదు, కొండచరియ ఐసుతో సహా విరిగిపడింది.

మీ అబ్బాయికి రెండు మాటలు చెప్పండి. నది ఒడ్డున కాకుండా పైగట్టున గది తీసుకోమనండి. రాత్రిపూట ఏరు ఉన్నట్టుండి హోరెత్తితే చూడ్డానికి కిందికి పోవద్దనండి, పైకి ఎక్కమనండి. అన్ని సరస్సులూ తెగవు, ప్రమాదకరమైనవాటిని ఉపగ్రహాలతో గమనిస్తూనే ఉంటారు. రోజూ ఫోన్ చేసి అతన్నీ టెన్షన్ పెట్టకండి.

2035కల్లా హిమాలయాల్లో మంచు మొత్తం మాయమవుతుందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?
— రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, లబ్బీపేట

నిజం కాదండీ. ఇది పాత సరుకు. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి వేసిన నిపుణుల సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో ఈ 2035 పొరపాటున దొర్లింది. 2010 జనవరిలో వాళ్లే తప్పు ఒప్పుకున్నారు. అయినా ఏటా వేసవికి వాట్సాప్‌లో మళ్లీ మొలుస్తుంది. అలాగని గ్లేసియర్లకేమీ కావట్లేదని ఎదురు ఫార్వర్డ్ పంపేవాళ్లూ ఉన్నారు, వాళ్లనీ నమ్మకండి. కాఠ్మాండూలోని ఇసిమోడ్ అనే పర్వత పరిశోధన సంస్థ 2023లో చెప్పిన ప్రకారం హిందూకుష్, హిమాలయ ప్రాంతంలో 2011 నుంచి 2020 దాకా ఐసు నష్టం అంతకు ముందు పదేళ్లకంటే 65 శాతం వేగంగా సాగింది. ఉద్గారాలు ఇలాగే పెరిగితే ఈ శతాబ్దం చివరికి 80 శాతం దాకా పోవచ్చు. గంగోత్రి గ్లేసియరు కొసని 1935లోనే జాన్ ఆడెన్ అనే జియాలజిస్టు కొలిచి పెట్టాడు, ప్రసిద్ధ ఆంగ్ల కవి ఆడెన్‌కి ఈయన అన్న. ఆయన గుర్తుల నుంచి లెక్కేస్తే అది కిలోమీటరుకు మించి వెనక్కి పోయింది.

ఉత్తర ధ్రువంలో మంచు కరిగితే మా దివిసీమ మునిగిపోతుందా?
— ఒక రైతు, అవనిగడ్డ

ఉత్తర ధ్రువం దగ్గరిది సముద్రం మీద తేలే ఐసు. అది కరిగినా నీటిమట్టం దాదాపు పెరగదు. స్టీలు గ్లాసులో ఐసు ముక్క వేసి అంచు దాకా నీళ్లు పోసి చూడండి, ముక్క కరిగాక కూడా ఒలకదు. నేల మీదున్న ఐసుతోనే పేచీ. గ్రీన్‌లాండ్ ఐసంతా కరిగితే సముద్రం 7 మీటర్లు లేస్తుంది, అంటార్కిటికాది అయితే 58 మీటర్లు. అంతా కరగడానికి వందలూ వేల ఏళ్లు పడుతుంది కాబట్టి పొలం అమ్మేయకండి. కొండల మీది గ్లేసియర్ల వాటా 30 సెంటీమీటర్ల చిల్లర. కానీ ముందుగా కరుగుతున్నవి ఇవే.

1901 నుంచి 2018 దాకా సముద్రం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. అందులో 2006 నుంచి 2018 దాకా ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున లేచింది. నీళ్లు వేడెక్కి ఉబ్బడం వల్ల కొంత, ఐసు కరగడం వల్ల కొంత. ఇంకో చిత్రం చెబుతాను. గ్రీన్‌లాండ్ ఐసు ఎంత బరువంటే, తన ఆకర్షణతో చుట్టూ ఉన్న సముద్రాన్ని తన వైపు లాక్కుని ఉంటుంది. అది కరిగితే దాని దగ్గర నీటిమట్టం తగ్గుతుంది, మనలాంటి దూరపువాళ్ల దగ్గర సగటు కంటే ఎక్కువ పెరుగుతుంది.

దివిసీమకి ఇంకో దెబ్బ ఉంది, దానికి గ్లేసియర్లతో పని లేదు. డెల్టా అంటేనే నది తెచ్చిన ఒండ్రు. శ్రీశైలం, నాగార్జునసాగర్ కట్టాక ఆ ఒండ్రు చాలా మటుకు జలాశయాల్లోనే ఆగిపోతోంది. పాత మట్టి అణిగిపోతుంటే కొత్త మట్టి రావడం లేదు. సముద్రం లేస్తోంది, నేల దిగుతోంది. ముందు బోర్లు ఉప్పబడతాయి, మునగడం ఆ తర్వాత మాట. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన పెద్దలు మీ ఊళ్లో ఇంకా ఉంటారు. అలాంటి తుపానే మళ్లీ వస్తే, సముద్రం ఎంత ఎత్తున ఉంటే ఉప్పెన అంత లోపలికి వస్తుంది. మడ అడవులు నరకనివ్వకండి. కరకట్టలకి మరమ్మతు చేయమని అడుగుతూనే ఉండండి.

మన ప్రాంతంలో ఎప్పుడైనా గ్లేసియర్లు ఉండేవా? మా మనవడు స్కూలు ప్రాజెక్టుకి అడుగుతున్నాడు.
— ఒక తాతయ్య, ఇబ్రహీంపట్నం

ఉండేవండీ! సుమారు 30 కోట్ల ఏళ్ల కింద మన దేశం దక్షిణ ధ్రువం వైపు, అంటార్కిటికాకి అతుక్కుని ఉండేది. ఒడిశాలోని తాల్చేరులో బొగ్గు పొరల కింద పెద్ద బండలూ, సన్న మట్టీ కలగలిసిన రాతిని 1856లోనే బ్లాన్‌ఫర్డ్ సోదరులు గుర్తించి, ఇది ఐసు పనే అన్నారు. ఎండలు మండే దేశంలో ఐసేమిటని అప్పట్లో చాలామంది నమ్మలేదు. ఆ తాల్చేరు పొరలు ప్రాణహిత-గోదావరి లోయలోనూ ఉన్నాయి, సింగరేణి బొగ్గుకి అడుగున. మీ ఊరి థర్మల్ స్టేషన్‌కి వ్యాగన్లలో వచ్చే బొగ్గు, ఆ మంచు తగ్గాక మొలిచిన అడవులది.

మనవడిని జియాలజీ డిపార్టుమెంటు ఉన్న ఏదైనా కాలేజీకి తీసుకెళ్లి, తాల్చేరు గులకరాయి చూపించమని అడగండి. ఒక పక్క చదునుగా అరిగి, దాని మీద ఒకే దిశలో సన్నటి గీతలు ఉంటాయి. పక్కన కృష్ణ ఇసుకలో ఏరిన రాయి పెట్టి ఫొటో తీయమనండి. ఏటి రాయి అన్ని వైపులా గుండ్రంగా, నున్నగా ఉంటుంది, గీతలుండవు. ప్రాజెక్టుకి ఆ రెండు ఫొటోలు చాలు.