పుట్టకొక్కుల జాతికి పెండ్లిబట్టలు ఎట్లుండాలి?

అమ్రాబాద్ అడవిలో శిలీంధ్రాలే ఆధారంగా బతికే ఒక ఊహాజాతి గురించి కథ రాస్తున్నానని, వాళ్ల పెండ్లిబట్టలు ఎట్లుండాలని అడిగారు.

శిలీంధ్రపు పోగుల్ని పత్తిలాగా వడికి దారం తీయడం కుదరదు. అవి అల్లుకొని పొరగా పరుచుకుంటాయి. రొమేనియాలోని కొరుండ్‌లో చెట్టు మాను మీద పెరిగే గట్టి కొక్కును పలుచగా కోసి, కొట్టి, సాగదీసి టోపీలు చేస్తారు. కాబట్టి మీవాళ్లకు తలపాగా, భుజం మీది కప్పు బాగా నప్పుతాయి. చీరే కావాలంటే గద్వాల పద్ధతి చూడండి: ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ పట్టు ఉండే చోట అట్లా కొట్టి సాగదీసిన కొక్కుతోలు పెట్టండి.

నాకు అన్నిటికంటే నచ్చేది బీజాల అచ్చు, అంటే కొక్కు గొడుగు కిందినుంచి రాలే సన్నటి బీజాల పొడితో పడే బొమ్మ. విచ్చుకున్న గొడుగు కాడ తీసేసి, పొరలున్న వైపు కిందికి బోర్లించి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి చక్రపు ఆకుల్లాంటి గీతలు పడతాయి. కొక్కు రకాన్ని బట్టి రంగు మారుతుంది: తెలుపు, గోధుమ, నలుపు, పుట్టకొక్కుదైతే లేత గులాబి. తుమ్మబంక రాసిన గుడ్డ మీద పెండ్లిపిల్ల తల్లి ఆ అచ్చు వేస్తుందనుకోండి, ఏ రెండు చీరలూ ఒక్కతీరుగా ఉండవు.

పుట్టకొక్కులు లేచేది వానలకే గనుక పెండ్లిళ్లూ అప్పుడే పెట్టండి. పుట్టలోపల వాటిని పెంచేది చెదలే; అందుకే పుట్టకు పసుపు పెట్టి మొక్కినంకనే తొలి గొడుగు తెంపాలన్న ఆచారం ఈ జాతికి సహజంగా కుదురుతుంది.