సున్నా సామర్థ్యం చూపే పెన్‌డ్రైవ్

ప్రశ్న: నా పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్ గుర్తిస్తోంది కానీ, సామర్థ్యం సున్నా అని చూపుతోంది. ఫార్మాట్ కూడా కావడం లేదు. బాగుచేయవచ్చా?

జవాబు: చాలాసార్లు వీలవుతుంది, కానీ అందులోని ఫైళ్లు పోతాయి. పెన్‌డ్రైవ్‌ను నడిపే కంట్రోలర్ చిప్‌కు కావలసిన ఫర్మ్‌వేర్ (దాని అంతర్గత సాఫ్ట్‌వేర్), ఏ సమాచారం ఏ బ్లాకులో ఉందో తెలిపే పట్టికలు సాధారణంగా ఫైళ్లను దాచే నాండ్ మెమరీలోనే ఉంటాయి కనుక, అవి చెడిపోతే కంట్రోలర్ తన ఉనికిని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. ఫైసన్, ఆల్కర్, సిలికాన్ మోషన్ కంపెనీల కంట్రోలర్లకు వేటికవే ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి; అవి పాడైన బ్లాకులను పక్కనపెట్టి, పట్టికలను కొత్తగా రాసి, మిగిలిన సామర్థ్యాన్ని నిర్ణయిస్తాయి. మీది ఏ కంట్రోలరో తెలుసుకోవడానికి వాడే చిప్‌జీనియస్ అనే సాఫ్ట్‌వేర్ చూపే వీఐడీ, పీఐడీ (తయారీదారు, ఉత్పత్తి గుర్తింపు) సంఖ్యలు మార్చదగినవే (నకిలీ డ్రైవుల తయారీదారులకు ఇది బాగా తెలుసు) కాబట్టి, వీలైతే పైతొడుగు విప్పి చిప్‌పై ముద్రించిన సంఖ్యనే నమ్మండి. ఫైళ్లు ముఖ్యమైతే మాత్రం ఈ సాఫ్ట్‌వేర్ల జోలికి పోకుండా ముందే డేటా రికవరీ నిపుణులకు అప్పగించండి.