సీ కయాక్‌ని తెడ్ల పడవగా మార్చొచ్చు, డెక్ మాత్రం కోయకండి

ఐదు మీటర్ల ప్లాస్టిక్ సీ కయాక్‌కి (సముద్రంలో తిరిగే సన్నటి పడవకి) ముందుకూ వెనక్కూ జరిగే సీటు, పొడవాటి తెడ్లు పెట్టి భీమిలి నుంచి కళింగపట్నం దాకా వెళ్లొచ్చా, అందుకు డెక్ (పడవ పైకప్పు) కోయాలా అని అడిగారు. వెళ్లొచ్చు. డెక్ మాత్రం కోయకండి. రుషికొండలో నా కయాక్‌ని ఇలాగే మార్చుకుని మూడేళ్లుగా తిప్పుతున్నాను.

నేను మార్చింది భుజం నొప్పి వల్ల. రుషికొండ నుంచి భీమిలికి పదిహేను కిలోమీటర్ల పైమాటే. పాడిల్‌తో, అంటే పడవకి తగిలించకుండా చేతుల్లో పట్టుకుని వేసే కయాక్ తెడ్డుతో వెళ్తే, దిగేసరికి కుడిచెయ్యి పైకి లేచేది కాదు. జరిగే సీటు మీద కాళ్లతో తన్నుతాం కాబట్టి భుజాలకు ఆ భారం ఉండదు.

కయాక్ వెడల్పు 55–60 సెంటీమీటర్లే. తెడ్డుకు పట్టు దొరకాలంటే రెండు ఓర్‌లాక్‌ల (తెడ్డు తిరిగే కొక్కేల) మధ్య దాదాపు 150 సెంటీమీటర్లు కావాలి. అంటే రెండు పక్కలకీ చేతులు చాచినట్టుండే ఫ్రేమ్ తప్పదు. ఆ లాగుడుని పల్చటి డెక్ తట్టుకోలేదు. ఫ్రేమ్ కాక్‌పిట్ (మనం కూర్చునే గుంట) అడుగున కూర్చోవాలి, బెల్టులతో బిగించుకోవాలి. అతికిద్దామనుకోకండి, మీ ప్లాస్టిక్‌కి ఎపాక్సీ అంటుకోదు.

బోల్టుల దగ్గర నేను పెద్ద తప్పే చేశాను. అల్యూమినియం పైపులకు స్టీల్ బోల్టులు నేరుగా బిగించేశాను. రెండు నెలల తర్వాత కడుగుతుంటే బోల్టు తల చుట్టూ ముగ్గుపిండి లాంటి పొడి కనిపించింది. గోటితో గీకితే రాలింది, కింద పైపుకి గుంట పడి ఉంది. ఉప్పునీళ్లలో ఆ రెండు లోహాలూ తగిలి ఉంటే అల్యూమినియమే తినేసుకుపోతుంది. ఇప్పుడు మధ్యలో నైలాన్ వాషర్లు వేస్తాను, బోల్టుకి గ్రీజు రాస్తాను, తిరిగొచ్చాక మంచినీళ్లతో కడుగుతాను.

సీటు ఎత్తు పెరిగేకొద్దీ పడవ ఊగుతుంది. తెడ్లు నీటి మీద ఆని ఉన్నంతసేపే నిలకడ. మంచినీళ్లు తాగాలన్నా రెండు పిడులూ ఒక చేత్తో పట్టుకునే తాగండి. సీటు జరుగుతుంటే కాక్‌పిట్‌కి స్కర్ట్ (నీళ్లు లోపలికి రాకుండా నడుము చుట్టూ కట్టే గుడ్డ మూత) వేయలేం, కాబట్టి నీళ్లు తోడే పంపు దగ్గరుండాలి. ముందూ వెనకా ఉన్న మూతల గదులు బిగుతుగా ఉన్నాయో లేదో బయల్దేరేముందు చూసుకోండి.

తెడ్లు వేసేటప్పుడు మనం వెనక్కి తిరిగి కూర్చుంటాం. మంగమారిపేట దగ్గర ఒకసారి వల బెండ్ల మీదికి వెళ్లిపోయాను. ఆ వల వేసిన పెద్దాయన తిట్టలేదు. "ఎనక్కి చూసుకుంటా ముందుకెళ్తావేటి బాబూ, వల తెగితే మా గతేటి?" అన్నాడు. ఆ రోజు నుంచీ టోపీకి చిన్న అద్దం కట్టుకుంటున్నాను. ప్రతి పది తోపులకీ ఒకసారి తల తిప్పి కూడా చూస్తాను.

అన్నిటికన్నా టెన్షన్ ఒడ్డు కెరటాల దగ్గరే. పొడవాటి తెడ్డుని కెరటం లాగేస్తే పడవ బోర్లా పడుతుంది. అందుకే ఫ్రేమ్ చేతులు పిన్ను లాగితే ముడుచుకునేలా చేయించండి. కెరటాలకు అవతలే తెడ్లు లోపలికి తీసుకుని, డెక్ మీద కట్టిన పాడిల్‌తో ఒడ్డుకు రండి. ముందు నెమ్మదైన నీళ్లలో, కళ్లు మూసుకుని చేయగలిగేదాకా ఇది సాధన చేయండి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లండి, అప్పుడు తీరం వెంట ప్రవాహం ఉత్తరానికే ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అది ఎదురు, పైగా తుపాన్ల కాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మర పడవలు కదలవు. ఆపదొస్తే చూసేవాళ్లుండరు. మెరైన్ పోలీసులకు ముందే చెప్పి, కోస్ట్‌గార్డ్ నంబరు 1554 ఫోన్లో పెట్టుకుని బయల్దేరండి.