గెడ్డను సెలయేరు చేయకమ్మా

విశాఖపట్నం

అమ్మాయీ,

నీ యాత్రా వ్యాసం, దానికి జత చేసిన ఉత్తరం అందాయి. నా మనవరాలి ఈడుదానివి కనుక 'నువ్వు' అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. వ్యాసం ఏ పత్రికకు పంపాలి, ఫోటోలు జత చేయాలా, ఇంకో పది రాసి పుస్తకం వేయవచ్చా, నాలుగోది ఇంకేదో. వాటి సంగతి తరువాత. ముందు మూడో పేజీ దగ్గరికి రా. ఆ పేజీ చదివిన దగ్గర నుంచి నాకు స్థిమితం లేదు.

'కొండల నడుమ ఒక అందమైన సెలయేరు గలగలా పారుతోంది' అని రాశావు. అమ్మా, ఆ సెలయేటి పేరు ఏమిటి?

ఎనిమిది పేజీలూ వెతికాను. తెల్లవారుజామున కిరండూల్ పాసింజరు కోసం పరుగెత్తడం ఉంది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో లేచిన కేకలు ఉన్నాయి. స్నేహితురాలి కొత్త బూట్లు ఉన్నాయి. బొర్రా గుహల స్టేషనులో దిగడం, జీపు బేరం, ఆపైన నడిచి కటికి జలపాతం చేరడం ఉన్నాయి. పగలంతా ఏ నీటి ఒడ్డున కూర్చున్నావో ఆ నీటి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని నలుగురికీ చూపించి పేరు చెప్పకుండా పంపేసినట్టుంది.

అది గోస్తని. అనంతగిరి కొండల్లో పుడుతుంది. నువ్వు టిక్కెట్టు కొని చూసి వచ్చిన బొర్రా గుహలకు ఆ నదితో చుట్టరికం ఉంది. గుహ పైకప్పులోని కంత లోంచి ఒక ఆవు లోపల పడిపోయిందని, కాపరి వెతుక్కుంటూ వెళ్లి అక్కడ శివలింగాన్ని చూశాడని, ఆ ఆవు పొదుగు నుంచే నది పుట్టిందని అక్కడి వాళ్లు చెప్పుకుంటారు. పేరులోనే ఆవు ఉంది, పాలు ఉన్నాయి. సున్నపురాయిని లక్షల ఏళ్లుగా నీరు కరిగిస్తూ పోతే ఆ గుహలు ఏర్పడ్డాయి. పైనుంచి పొదుగుల్లా వేలాడే రాళ్ల కొసన నీటి బొట్టు నిలుస్తుంది. చాలాసేపు నిలిచి, అప్పుడు జారుతుంది. ఆ బొట్టు కింద నువ్వు నిలబడ్డావు. 'లోపల చల్లగా ఉంది' అని ఒక్క వాక్యం రాసి బయటికి వచ్చేశావు.

పేరు రాయకపోతే ఏం పోయింది అని నువ్వు అడగవచ్చు. ఏం పోయిందో చెబుతాను. గోస్తని కొండ దిగి తాటిపూడి జలాశయంలో ఆగుతుంది. 1960లలో ఆ ఆనకట్ట కట్టారు. అక్కడి నీళ్లు గొట్టాల్లో ఈ నగరానికి వస్తాయి. నువ్వు కొనుక్కున్న నీళ్ల సీసా సంచిలో పెట్టుకుని ఆ ఒడ్డుకు వెళ్లావు, ఆ మాట రాశావు కూడా. 'నగర జీవితానికి దూరంగా, ఎవరూ ఎరుగని స్వచ్ఛమైన నీరు' అన్నావు. ఎవరూ ఎరుగకపోవడం ఏమిటమ్మా, ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఆ నీళ్లతో అన్నం ఉడుకుతోందో! మీ పేటకు వచ్చే నీళ్లు తాటిపూడివో, రైవాడవో, మేఘాద్రి గెడ్డవో ముందు కనుక్కో. కనుక్కున్నాక ఆ మూడో పేజీ మళ్లీ రాయి. అదే వాక్యం నీ చేతిలోంచి రాదు.

ఇక 'సెలయేరు' దగ్గరికి వస్తాను. ఇది నా ప్రాణం మీది సంగతి.

మా అమ్మ పుట్టింటికి వెళ్లాలంటే ఒక గెడ్డ దాటాలి. ఎండాకాలంలో అందులో ఇసుకే ఉంటుంది, చెలమ తీస్తే గాని కడవ నిండదు. వానాకాలంలో దాని తీరు వేరు. ఎక్కడో కొండల్లో వాన పడుతుంది, ఇక్కడ ఎండ కాస్తూ ఉండగానే గెడ్డ పొంగుతుంది. ఎర్రటి నీళ్లు, విరిగిన కొమ్మలు, నురగ. ఎంత అవసరం ఉన్నవాళ్లయినా ఒడ్డున నిలబడి నీరు తీసే దాకా చూడవలసిందే. నన్ను చంకన వేసుకుని మా అమ్మ ఒకసారి అలా మధ్యాహ్నం నుంచి పొద్దు గూకే దాకా నిలబడింది. అవతలి ఒడ్డున, కనుచూపు మేరలో, వాళ్ల నాన్న ప్రాణం పోతోంది. నీళ్లు మోకాళ్ల లోతుకు వచ్చి దాటే వేళకు అంతా అయిపోయింది.

నా మొదటి కథ అదే. 1973లో ఒక వారపత్రికకు పంపాను. ఏడు నెలలకు అచ్చయింది. కథలో పదకొండు చోట్ల ఉన్న 'గెడ్డ' పదకొండు చోట్లా 'సెలయేరు' అయిపోయింది. బొమ్మ కూడా వేశారు, పూలమొక్కల మధ్య సన్నటి నీటి పాయ, దాని పక్కన బిందెతో ఒక అమ్మాయి. అమ్మకు చదువు రాదు. వీధి అరుగు మీద కూర్చోబెట్టి నేనే చదివి వినిపించాను. చివరి దాకా మాట్లాడకుండా విని, 'సెలయేరంటే ఏమిటి నాయనా?' అని అడిగింది. చెప్పాను. కాసేపు ఆగి, 'మరి నేను దాటలేకపోయిన గెడ్డ ఏది?' అంది.

సంపాదకుడికి ఉత్తరం రాశాను. 'మాండలిక పదాలు పాఠకులందరికీ అర్థం కావు' అని రెండు వరుసల జవాబు వచ్చింది. పాఠకులందరూ అంటే ఎవరు? మేము పాఠకులం కామా? మిగతా జిల్లాల మాటలన్నీ కథల్లో చదివి మేము నేర్చుకోలేదా? సెలయేటి పక్కన ఒక మనిషి పూటంతా ఎందుకు నిలబడుతుంది? గంతు వేసి దాటదా? ఒక్క మాట మారిస్తే మా అమ్మ బుద్ధిలేనిది అయిపోయింది, తాత చావు కట్టుకథ అయిపోయింది. యాభై ఏళ్లు దాటినా ఆ కోపం నాలో తగ్గలేదు, తగ్గాలని కూడా నేను కోరుకోవడం లేదు.

అందుకే నీ మీద ఇంత కటువుగా రాస్తున్నాను. నా మాటను ఎవరో కొట్టేశారు. నీ మాటను నువ్వే కొట్టేసుకున్నావు. ఏ సంపాదకుడి బలవంతమూ లేకుండా, విశాఖపట్నంలో పుట్టి పెరిగిన పిల్లవు, మేఘాద్రి గెడ్డ అనే పేరు పుట్టినప్పటి నుంచి వింటున్న పిల్లవు, కలం పట్టగానే 'సెలయేరు' అన్నావు. నా డెబ్బయి ఏడేళ్లలో మన వైపు ఒక్క మనిషి నోటా ఆ మాట వినలేదు. పాటల్లో విన్నాను. పాటల్లో ఉండనీ.

ఆ కథ తరువాత రెండేళ్లు ఏమీ రాయలేదు. మూడో ఏడు వేసవి సెలవుల్లో, అప్పటికి బడిపంతులుగా చేరాను, ఒక నోటుపుస్తకం పట్టుకుని భీమిలి నుంచి గోస్తని వెంట పైకి నడిచాను. మా ఊరు భీమిలి. చిన్నప్పుడు నది సముద్రంలో కలిసే చోట ఆడుకున్నవాడిని. పోటు వేళ ఉప్పునీరు నదిలోకి ఎదురెక్కుతుంది, పాటు వేళ వెనక్కి దిగుతుంది. వేసవిలో ఇసుక మేట వేస్తుంది. దారిలో ప్రతి ఊళ్లోనూ ఆడవాళ్లను, పశువుల కాపరులను, వలలు బాగుచేసుకునే వాళ్లను అడిగి నీటి మాటలు రాసుకున్నాను. గెడ్డ, బంద, ఊట, చెలమ, మదుము, రేవు, ఉప్పుటేరు. బంద అంటే చిన్న చెరువు, మన వైపు వాళ్లకు చెప్పనక్కరలేదు. ఒక ముసలాయన నీళ్లు 'తీయడం', 'ఇంకడం', 'అడుగంటడం' మూడూ వేరని అరగంట సేపు నాకు చెప్పాడు. వరద నీరు తీస్తుంది, చెలమలో నీరు ఇంకుతుంది, బంద అడుగంటుతుంది. నాకు కథలు రాయడం వచ్చింది ఆ నోటుపుస్తకం వల్ల. కళాశాలలో చదివిన అలంకారశాస్త్రం వల్ల కాదు.

నీ వ్యాసంలో 'ప్రకృతి కాంత పచ్చని చీర కట్టుకుంది' అనే వాక్యం కొట్టేశాను. 'నది ఒడ్డున నన్ను నేను కలుసుకున్నాను' అన్నదీ కొట్టేశాను. ఈ మధ్య ఏ యాత్రా రచన తెరిచినా వెళ్లినవాళ్లు తమను తాము కలుసుకుని తిరిగి వస్తున్నారు. ఆ ఊళ్లో ఉన్న మనుషులను కలిసినవాళ్లు కనబడడం లేదు. పత్రికలు అవే అడిగి వేస్తున్నాయి, పక్కన పేజీ సగం ఫోటో. రైలు గురించి రెండు పేజీలు రాశావు గాని, ఆ కొత్తవలస-కిరండూల్ లైను ఎందుకు వేశారో ఒక్క ముక్క లేదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మన రేవుకు దించడానికి ఆ కొండలను తొలిచారు. నీ పాసింజరు బండిని ఆపి ముందుకు పంపిన ఆ పొడుగాటి గూడ్సులో ఉన్నది అదే. 'ఎందుకో చాలాసేపు ఆపేశారు' అని విసుక్కున్నావు.

అయినా నీ కాగితాలు తిప్పి పంపకుండా ఇంత ఉత్తరం రాయడానికి ఆరో పేజీలో నాలుగు వరుసలు కారణం. జలపాతానికి వెళ్లే దారిలో బొంగులో కోడి కాల్చి అమ్మే ఆవిడ. నిప్పుల్లోంచి తీసిన వెదురు బొంగును ఆవిడ ఒట్టి చేతులతో పట్టుకుని, ఊదుతూ, పగలగొట్టబోతూ ఆగి, 'నీ చేతులు కాలతాయి, ఆకు పట్టు' అని నీకు అడ్డాకు అందించింది. ఆవిడ వేళ్ల కొసలు నల్లగా, నున్నగా, గీతలు లేకుండా ఉన్నాయని రాశావు. అక్కడ నేను కాగితం కింద పెట్టేశాను. వేలి గీతలు కాలి అరిగిపోయిన చేతిని నువ్వు చూశావు, చూసినదాన్ని చూసినట్టు రాశావు. ఆ మరుసటి వాక్యమే 'రుచి అమోఘం'!

అక్కడ ఎందుకు లేచి వచ్చేశావు? పచ్చి వెదురే ఎందుకు కావాలో ఆవిడను అడిగితే చెప్పేది. ఎండు బొంగయితే ముందు బొంగే అంటుకుంటుంది. పచ్చిదయితే దానిలోని తడికే ముక్క ఉడుకుతుంది, నూనె చుక్క అక్కరలేదు. మూతికి ఆకు ఎలా కూరుతుందో, బొంగును ఎన్నిసార్లు తిప్పుతుందో, లోపల ఉడికిందని బయటి నుంచి ఎలా తెలుస్తుందో, ఆ వెదురు ఎంత దూరం నుంచి ఎవరు మోసుకొస్తారో. పగలు తెచ్చిన కోళ్లు అమ్ముడుపోని రోజు ఏం చేస్తుందో. నీ వ్యాసం ఆవిడ పొయ్యి దగ్గర మొదలు కావాలి. రైలు, సొరంగాలు, బూట్లు అన్నీ తీసెయ్యి. జలపాతం ఆవిడ వెనక చప్పుడు చేస్తూ ఉంటే చాలు.

వానలు తగ్గాక మళ్లీ వెళ్తామని రాశావు. ఈసారి స్నేహితుల గుంపు వద్దు, ఒక్కరిని తోడు తీసుకుని వెళ్లు. ఆవిడ దగ్గర ఒక పూట కూర్చో, కట్టెలు అందించు. వాళ్ల ఇంట్లో మాట్లాడేది తెలుగే అయి ఉండాలని లేదు, ఆ కొండల్లో ఆదివాసీ భాషలు ఉన్నాయి, ఒడియా ఉంది. ఆ నీటిని వాళ్లు ఏమని పిలుస్తారో అడిగి, విన్నది విన్నట్టు రాసి నాకు పంపు. తాటిపూడి దాకా వెళ్లేసరికి నాకు జ్వరం వచ్చి వెనక్కి తిరిగాను. తరువాత సంసారం, ఉద్యోగం, ఇప్పుడు మోకాళ్లు. నా నోటుపుస్తకంలో తాటిపూడికి పైన అన్నీ తెల్లకాగితాలే.

ఆశీస్సులతో,
మీ మాస్టారు