సీరియల్‌కే వెళ్లు, అల్లుడూ

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. పెద్ద సినిమాలో నాలుగో కెమెరా అసిస్టెంట్‌గా చేరాలా, సీరియల్‌లో రెండో కెమెరా పట్టుకోవాలా అని అడిగావు. సీరియల్‌కే వెళ్లు. అక్కకి నా మీద కోపం వస్తుందని తెలుసు, నేను సర్దిచెప్పుకుంటాలే.

పెద్ద సినిమాలో నాలుగో వాడు లెన్సుల పెట్టెలు మోస్తాడు, బ్యాటరీలు ఛార్జింగ్ పెడతాడు. ఆ లైటు అక్కడే ఎందుకు పెట్టించారని అడిగే సందు కూడా దొరకదు. సీరియల్‌లో అలా కాదు. పొద్దున హాల్లో నిశ్చితార్థం, భోజనాలవగానే అదే హాల్లో శవం. సోఫా మారదు, కర్టెన్లు మారవు. మార్చగలిగేది లైటు ఒక్కటే, అదీ పావుగంటలో. ఎదురుగా ఉన్న లైటు ఆర్పించి, కిటికీ వైపు దానికి స్కిమ్మర్ (వెలుతురు మెత్తబరిచే గుడ్డ) కట్టించి, అత్తగారి ముఖం సగం చీకట్లో ఉంచి చూడు. ఛానెల్ వాళ్లు మొహాలు కనబడట్లేదని గోల చేస్తారు. అప్పుడు కాస్త పెంచు. రెండేళ్లు దాటితే మాత్రం బయటపడు. అందరినీ ట్యూబ్‌లైటు కింద నిలబెట్టినట్టు తీసే అలవాటు పట్టిందంటే వదలదు.

ఖాళీ ఉన్న రోజు 'మాయాబజార్' పెట్టుకుని లాహిరి పాట సౌండు ఆపేసి చూడు. 1957 నాటి బ్లాక్ అండ్ వైట్, తర్వాత కంప్యూటర్‌లో రంగూ వెలుగూ సరిదిద్దే డీఐ లేదు, ఏమీ లేదు. నీళ్ల మీద మెరుపు ఎటు నుంచి వస్తోంది, ముఖాల మీద వెన్నెల ఎటు నుంచి పడుతోంది, కాగితం మీద గీసుకో. ఆ సినిమా కెమెరామన్ మార్కస్ బార్ట్లే దగ్గర నేను నేర్చుకున్నదంతా ఇలా గీసుకునే.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మా రోజుల్లో 400 అడుగుల నెగెటివ్ నాలుగున్నర నిమిషాల్లో అయిపోయేది. ఒకరోజు మ్యాగజైన్ (కెమెరాకి తగిలించే ఫిల్మ్ డబ్బా) మీద టేపు అంటించి రాయడం మరిచిపోయాను. ఖాళీదనుకుని ఎండలో మూత తీశాను. హీరోయిన్ రెండు గంటలు ఏడ్చిన సీను లోపల ఉంది, వెలుతురు తగిలి పోయింది! మా గురువుగారు తిట్టలేదు. "వెళ్లి డైరెక్టర్‌కి నువ్వే చెప్పు" అన్నారంతే. ఆ ఇరవై అడుగుల నడక ఇప్పటికీ గుర్తే. నీకు నెగెటివ్ లేదు, మెమరీ కార్డులుంటాయి. రెండు చోట్ల కాపీ అయిందని నీ కళ్లతో చూసేదాకా ఫార్మాట్ నొక్కకు, ఎవరు తొందరపెట్టినా సరే.

ఇంకో సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకి 25 ఫ్రేముల్లో తీస్తే షట్టర్ కోణం 180 డిగ్రీలు సరిపోతుంది. 24లో తీసేటప్పుడు 172.8 పెట్టు, లేకపోతే ట్యూబ్‌లైట్ల వెలుగు తెర మీద మినుకుమనే ప్రమాదం ఉంది.

లైట్‌మెన్‌ని అన్నా అని పిలువు. నీకంటే ముందు నీడ ఎక్కడ పడుతుందో వాళ్లకి తెలుస్తుంది. బేటా, అంటే రోజువారీ భత్యం, ఏ రోజుది ఆ రోజే తీసుకో. నాకు మూడు నెలల డబ్బులు ఎగ్గొట్టిన కంపెనీ ఒకటుంది, నేను వెళ్లేసరికి బోర్డు కూడా పీకేశారు.

ఆదివారం రా. వెలుతురు కొలిచే నా పాత సెకోనిక్ మీటర్ బీరువాలో ఉంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు, ముల్లు ఇంకా బాగానే కదులుతోంది. తీసుకెళ్లు.

మామయ్య