91వ రోజు ఉదయం మీ వకీలు ఎక్కడ ఉంటారు?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి): మేము చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మా తమ్ముడు పారిశుద్ధ్య కార్మికుల సంఘంలో పనిచేసేవాడు. ఒక శుక్రవారం రాత్రి పోలీసులు తీసుకెళ్లి, మర్నాడు రిమాండుకు పంపారు. ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టం కింద కేసు పెట్టారు. నేటికి 76 రోజులు. అమ్మ సరిగా అన్నం తినడం లేదు. కార్మికులు సంఘీభావ కమిటీ పెట్టి సంతకాలు సేకరించారు, వళ్లువర్ కోట్టం దగ్గర సభ పెడతామంటున్నారు. ఛార్జిషీటు వచ్చాక బెయిల్ పిటిషన్ వేద్దామని వకీలు అంటున్నారు. రిమాండు కాగితాలు మా దగ్గర లేవు. నెల్లూరు జిల్లాలో మామయ్యకు రెండెకరాలుంది కానీ వేరే రాష్ట్రం వాళ్ల జామీను చెల్లదట. డబ్బు తీసుకుని జామీను నిలబడేవాళ్లు కోర్టు దగ్గరే దొరుకుతారట. సభ పెడితే మా మీద కూడా కేసు అవుతుందా? ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో మీ తమ్ముడి మంచితనానికి రెండు పేజీలు, 76 రోజులకు ఒక్క వాక్యం కేటాయించారు. ఈ కేసును ప్రస్తుతానికి తేల్చేది ఆ ఒక్క వాక్యమే.

ఉపా చట్టం 43డి(2) సెక్షన్ ప్రకారం దర్యాప్తు సంస్థ 90 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో, నిందితుణ్ణి ఇంకా ఎందుకు నిర్బంధంలో ఉంచాలో వివరిస్తూ పబ్లిక్ ప్రాసిక్యూటర్ నివేదిక ఇస్తే, దాన్ని పరిశీలించి కోర్టు ఈ గడువును 180 రోజుల వరకు పెంచవచ్చు. ఛార్జిషీటూ రాక, గడువూ పెరగకపోతే నిందితుడికి డిఫాల్ట్ బెయిల్ హక్కు పుడుతుంది. నేరం చేశాడా లేదా, ఆరోపణలు నమ్మదగినవా కావా అన్న చర్చ అక్కడ ఉండదు. అయితే ఆ హక్కు అడిగినవాడికే దక్కుతుంది. అడిగేలోపు ఛార్జిషీటు వచ్చిపడితే హక్కు పోతుంది. అందుచేత ఛార్జిషీటు వచ్చాక చూద్దామన్న మీ వకీలు మాట నాకు ఆందోళన కలిగిస్తోంది. ఛార్జిషీటు తర్వాత వేసే మామూలు బెయిల్ పిటిషన్‌కు అదే చట్టంలోని 43డి(5) అడ్డు నిలుస్తుంది. ఆరోపణలు పైకి నిజమనిపిస్తే చాలు, బెయిల్ ఇవ్వకూడదని అది చెబుతుంది.

ఇది ఎంత దూరం వెళ్తుందో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. భీమా కోరేగావ్ కేసులో 2021 డిసెంబరు 1న బొంబాయి హైకోర్టు సుధా భరద్వాజ్‌కు డిఫాల్ట్ బెయిల్ ఇచ్చింది, ఎందుకంటే గడువు పెంచిన కోర్టుకు ఆ అధికారం లేదని తేలింది. అదే రోజు వరవరరావుతో సహా మరో ఎనిమిది మంది అభ్యర్థనను తోసిపుచ్చింది, ఎందుకంటే వారు అడగవలసిన సమయంలో అడగలేదు. వరవరరావుకు సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో బెయిల్ ఇచ్చింది గానీ, అది అనారోగ్య కారణంపై.

ఇక లెక్క. అరెస్టు చేసిన శుక్రవారం నుంచి కాదు, రిమాండుకు పంపిన శనివారం నుంచి లెక్కపెట్టాలి. ఆ శనివారం కూడా లెక్కలోకే వస్తుందని 2023లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఉదాహరణకు 2025 జనవరి 1న రిమాండు అయితే మార్చి 31 తొంభయ్యో రోజు, ఏప్రిల్ 1 ఉదయం పిటిషన్ వేయాలి. ముందురోజే వేస్తే తొందరపాటు, రెండు రోజులు ఆగితే ప్రమాదం. నోటిమాటగా అడిగినా చాలునని 2017లో సుప్రీంకోర్టు అన్నది నిజమే కానీ, నోటిమాటకు సమయం వేసి ముద్ర కొట్టేదెవరు? రాతపూర్వకంగా వేసి, దాఖలు చేసిన తేదీ, గంట కనిపించే రసీదు దగ్గర ఉంచుకోవాలి. ఆ రసీదు విలువ మన చెన్నై నుంచి వెళ్లిన ఎం. రవీంద్రన్ కేసులోనే తెలిసింది. నిందితుడు గడువు ముగిశాక పిటిషన్ వేశాడు, ఆ తర్వాత దర్యాప్తు సంస్థ హడావిడిగా అదనపు ఫిర్యాదు (ఛార్జిషీటులాంటిదే) దాఖలు చేసింది. అంతకుముందే అడిగాడు గనుక హక్కు పోలేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

రిమాండు కాగితాలు మీ దగ్గర లేవని ఎంత తేలిగ్గా రాశారు! సంతకాల కట్టలు జాగ్రత్తగా దాచిన కమిటీకి, ఈ లెక్కకు ఏకైక సాక్ష్యమైన రిమాండు ఉత్తర్వు సంపాదించాలని ఇన్నాళ్లూ తోచలేదా? ఆ నకలుతోపాటు గడువు పొడిగింపు పిటిషన్ ఏమైనా పడిందేమో కోర్టులో విచారించండి. పడివుంటే, దాన్ని విన్న రోజున మీ తమ్ముణ్ణి కోర్టు ముందు, కనీసం వీడియోలోనైనా, హాజరుపరిచి ఆ సంగతి చెప్పారా అన్నది చూడాలి. అలా చెప్పకపోతే ఆ పొడిగింపు చెల్లదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

అద్దె జామీను జోలికి మాత్రం పోవద్దు. డిఫాల్ట్ బెయిల్ ఉత్తర్వు వచ్చినంత మాత్రాన మనిషి పుళల్ జైలు గేటు దాటడు. కోర్టు చెప్పిన గడువులో జామీను ఇవ్వకపోతే నిర్బంధం కొనసాగడం సక్రమమేనని రవీంద్రన్ తీర్పే అంటోంది. ఆ కీలకమైన రోజుల్లో దొంగ పత్రాలతో వచ్చినవాడి జామీనును కోర్టు తిప్పికొడితే చేతికందిన బెయిల్ జారిపోతుంది, పైగా ఫోర్జరీ కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. ఇక్కడి ఉత్తర్వులు తరచుగా ఇద్దరు జామీనుదారులను, అందులో ఒకరు రక్తసంబంధీకుడై ఉండాలని అడుగుతాయి. ఆ ఒకరు మీరే. రెండోవారు మీ మామయ్య కావచ్చు. వేరే ఊరి జామీను చెల్లదన్న మాటను 1978లోనే మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తప్పుపట్టారు. ఒక తాపీ మేస్త్రీ సోదరుడు వేరే జిల్లావాడని మేజిస్ట్రేట్ జామీను నిరాకరిస్తే, దేశంలోనే దూరప్రాంతంలో అరెస్టయిన దక్షిణాదివాడి గతేమిటని ఆయన అడిగారు. ఆ తీర్పు నకలు పిటిషన్‌తోపాటే సిద్ధంగా ఉండాలి. మామయ్య పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, తహసీల్దారు ఇచ్చే ఆస్తి ధృవపత్రం ఇప్పుడే తెప్పించండి.

సభ సంగతి. నిందితుడికి నచ్చిన న్యాయవాదిని పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చింది, అతని తరఫున ఫీజు కట్టడం నేరం కాదు. పోలీసుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. చందాలు బ్యాంకు ఖాతాలోనే జమ చేసి, ప్రతి ఖర్చుకూ రసీదు ఉంచండి. విదేశాల నుంచి వచ్చే డబ్బు ఒక్క రూపాయి అయినా తీసుకోవద్దు. మీ తమ్ముడి సంఘం పేరు ఉపా కింద నిషేధించిన సంస్థల్లో ఉందా లేదా అని ఎఫ్ఐఆర్ చూసి మీ వకీలుతో నిర్ధారించుకున్నాకే కరపత్రం అచ్చువేయండి.

వకీలును మార్చాలనిపిస్తే ఈ వారంలోనే మార్చండి. కొత్త వకాల్తా మీద జైలు అధికారి ధృవీకరణతో మీ తమ్ముడి సంతకం కావాలి, దానికి రోజులు పడుతుంది. ప్రత్యేక కోర్టు పిటిషన్ కొట్టేస్తే ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) చట్టం 21వ సెక్షన్ కింద హైకోర్టులో అప్పీలుకు 30 రోజులు గడువు; సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నిస్తారు గానీ, 90 రోజులు దాటితే తీసుకోకూడదని చట్టం అంటోంది. రేపు కోర్టు తెరవగానే రిమాండు ఉత్తర్వు నకలుకు దరఖాస్తు వేయించండి.