ఇంగ్లీషు డౌట్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పని చేస్తా ఉండాను, చదివింది తెలుగు మీడియం. తమిళం వాళ్ళొస్తే ఎట్లో మాట్లాడేస్తాను గానీ నార్త్ నుంచి వచ్చినోళ్ళు ఇంగ్లీషులో అడిగితే నోరు పెగలదు. మొన్న ఒకాయన్ని "డిడ్ యు పెయిడ్ అడ్వాన్స్?" అంటే నవ్వేసినాడు. తప్పేంది? ముందు గ్రామర్ నేర్చుకోవాల్నా, వర్డ్సా? (తిరుపతి)

జవాబు: నవ్వినాడని బాధపడొద్దమ్మా, నీ మాట ఆయనకి అర్థమైంది, సగం పని అయిపోయినట్టే. తెలుగులో "కట్టినారా" అంటే అయిపోయిన పని అనేదీ, అడగడమూ రెండూ ఆ ఒక్క మాటలోనే ఉంటాయి, అందుకే నీ నోరు పే ని పెయిడ్ చేసేసింది. ఇంగ్లీషులో ఆ పని డిడ్ చూసుకుంటుంది, దాని తర్వాత క్రియ మామూలుగానే ఉండాల. డిడ్ యు పే, డిడ్ యు బుక్, డిడ్ యు గెట్ ద కీ. డజ్ కూడా ఇంతే, డజ్ ద బస్ స్టాప్ హియర్ అనాల, స్టాప్స్ అనకూడదు.

గ్రామరా వర్డ్సా అని విడదీయొద్దు, నీ కౌంటర్ దగ్గర రోజూ వినే మాటలనే పూర్తి వాక్యాలుగా నోట్‌బుక్‌లో రాసుకో. గీజర్ పని చేయలేదు, ఎక్స్‌ట్రా బెడ్ కావాల, లగేజీ ఎక్కడ పెట్టాల, తిరుచానూరికి ఎట్లా పోవాల, అలిపిరిలో ఎన్ని మెట్లు (3,550), వీటికి జవాబులు నువ్వే రాసి గట్టిగా పైకి చదువు. మనసులో చదివితే నాలుక తిరగదు, అది నేను గట్టిగా నమ్ముతాను.

పలకడంలో నీకు అన్నిటికంటే ముందు కావాల్సింది 13, 30 తేడా. థర్టీన్‌లో చివర టీన్‌ని ఒత్తి సాగదీయాల, థర్టీలో మొదటి థర్ ని ఒత్తాల. రూమ్ నంబర్‌కీ అద్దెకీ ఇది తేలకపోతే కౌంటర్ దగ్గర గొడవే. బుక్డ్, చెక్డ్ అని రాసినా పలికేది బుక్ట్, చెక్ట్. బుకెడ్, క్లీనెడ్ అని చాలామంది అంటారు, అది వద్దు. క్రియ ట, డ శబ్దంతో ముగిస్తేనే చివర ఇడ్ వస్తుంది, వెయిటిడ్, నీడిడ్ లాగా. ఇంకోటి, వేకెంట్‌కి పైపళ్ళు కింది పెదవికి తగలాల, వెయిట్‌కి పెదవులు గుండ్రంగా చుట్టాల, పళ్ళు తగలకూడదు. మనకి రెండిటికీ ఒకటే వ కాబట్టి అద్దం ముందు నిలబడి చూసుకో.

వినడానికి బీబీసీ వాళ్ళవి బాగుంటాయి, 1943 నుంచీ ఇంగ్లీషు నేర్పిస్తా ఉండారు, ఇప్పుడు ఆరేసి నిమిషాల ఆడియోలు ఫోన్‌లో ఫ్రీగా దొరుకుతాయి. ఒక వాక్యం విని, ఆపి, అట్లే పలికి రికార్డ్ చేసుకో.

ప్రశ్న: అవర్ ముందు యాన్, యూనివర్సిటీ ముందు ఎ ఎందుకు సార్ అంటే మా లెక్చరర్ "బట్టీ కొట్టు" అన్నారు. (చిత్తూరు)

జవాబు: బట్టీ అక్కర్లేదు బాబూ, అక్షరం చూడొద్దు, చెవితో విను. యూనివర్సిటీ య శబ్దంతో మొదలవుతుంది కాబట్టి ఎ, అవర్‌లో హెచ్ పలకదు కాబట్టి యాన్. మనోళ్ళు తప్పేది ఎమ్మెల్యే దగ్గర, మనం యెమ్మెల్యే అని య కలిపేస్తాం కాబట్టి ఎ పెట్టబుద్ధవుతుంది, ఇంగ్లీషులో అది ఎమ్ తోనే మొదలు, యాన్ ఎమ్మెల్యే అనే రాయాల.